ఓడెట్ మిస్ వాకిట్లో వీడ్కోలు పాట

"పాటకు అర్థం తెలియకుండా అంత గట్టిగా ఎలా అరుస్తారండీ?"

ఓడెట్ మిస్ మా మేనల్లుడు లూసియన్‌ని అడిగిన మొదటి ప్రశ్న అది.

మా దీవిలో, ఈ పరమీన్ కొండ మీద క్రిస్మస్ వస్తే ఇంటింటి ముందూ స్పానిష్ పాటలు పాడతాం. తాతల కాలం నుంచీ పాడుతున్నాం. ఒక్క ముక్క అర్థం కాదు. మా బృందంలో గొంతు లూసియన్‌ది, గిలక్కాయలు నావి.

"గొంతు బాగుంటే చాలదా మిస్? అర్థంతో పనేముంది?" అన్నాడు వాడు ఫోజు కొడుతూ.

"బళ్ళో స్పానిష్ చెప్పినప్పుడు ఎక్కడున్నారు?"

"మామిడి చెట్టు మీద."

ఆవిడ నవ్వింది. అంతే, మావాడు పడిపోయాడు.

ఓడెట్ మిస్ ఆ ఏడే మా చిన్న బడికి వచ్చింది, ఒకటో క్లాసు నుంచే స్పానిష్ నేర్పడానికి. పిల్లలకు ఇంగ్లీషే సరిగ్గా రాదు, ఇదెందుకని సగం కొండ గొణిగింది. ఆ గొణిగినవాళ్ళలో నేనూ ఉన్నాను, దాచడమెందుకు. ఆవిడ విసిగిపోయి శాన్ ఫెర్నాండో పట్నానికి బదిలీ కాగితం నింపి పెట్టుకుందని తెలిసి లూసియన్‌కి తిండి సయించలేదు.

"అత్తా, ఆదివారం సాయంత్రం మిస్ ఇంటి ముందు పాడదాం. మనసులో మాట పాటలో చెప్పేస్తా."

"ఏ పాట్రా?"

"వెళ్ళే ముందు పాడతామే, అది. వినగానే ఇంటివాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ప్రేమ పాట కాకపోతే ఎందుకేడుస్తారు?"

నాకూ నిజమే అనిపించింది.

ఆదివారం సన్నగా వాన. మూసిన తలుపు ముందు వాడు గుండె మీద చెయ్యేసుకుని ప్రాణం పెట్టి పాడాడు. మా ఆచారం ప్రకారం పాట వినగానే తలుపు తీయాలి. తీయలేదు. పాట అయ్యాక కిటికీ మాత్రం తెరుచుకుంది. ఓడెట్ మిస్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చూశావా, ఏడుస్తోంది!" అని లూసియన్ నా చెవిలో మురిసిపోయాడు.

"కొండంతా కలిసి తేల్చేశారన్నమాట" అందావిడ. "'అమ్మా సెలవు, ఇక ఉండలేం, నీ దారి నీది, మా దారి మాది.' ఇదేగా మీరు పాడింది? శుక్రవారం కాగితం ఇచ్చేస్తాను లెండి."

కిటికీ మూసుకుంది. అప్పుడు చూడాలి మావాడి మొహం.

మర్నాడు పొద్దున్నే వాడు ఒకటో క్లాసులో, మోకాళ్ళు గడ్డానికి తగిలే బుల్లి బెంచీ మీద కూర్చున్నాడు.

"మిస్, ఈ అంకుల్‌కి రంగుల పేర్లు కూడా రావు!" అని పిల్లల ఫిర్యాదు.

"అంకుల్‌కి చాలా రావు, సర్దుకోండి" అంది మిస్, వాడివైపు చూడకుండానే.

ఆరేళ్ళ పిల్లలు రెండుసార్లు వింటే పట్టేసేది వాడికి ఇరవైసార్లకి కూడా నోరు తిరిగేది కాదు. "ఈ వయసులో నరకం అత్తా. ఆ రోజుల్లోనే చెట్టు దిగి క్లాసుకి పోవాల్సింది" అన్నాడు. నా గొణుగుడు నేను అప్పుడే మానేశాను.

గురువారం సాయంత్రం మళ్ళీ అదే తలుపు. ఈసారి రాగం లేదు, గిలక్కాయలూ వద్దన్నాడు. వచ్చీరాని స్పానిష్‌లో ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు. మూడు రోజులుగా నా వంటింట్లోనే వల్లె వేశాడు కాబట్టి నాక్కూడా అర్థమైంది.

"నా పేరు లూసియన్. నాకు ఇరవై ఏడేళ్ళు. నాకు ఎరుపు ఇష్టం. నాకు మామిడిపండు ఇష్టం. నాకు మీరు ఇష్టం. వెళ్ళొద్దు."

 

"ఆరు వాక్యాల్లో నాలుగు తప్పులు" అంది ఆవిడ లోపలినుంచే.

"దిద్దాలంటే ఎన్నాళ్ళు పడుతుంది మిస్?"

తలుపు తెరుచుకుంది. ఆవిడ చేతిలో బదిలీ కాగితం, నాలుగు ముక్కలుగా.

"పిల్లలకైతే ఒక్క టర్మ్ చాలు. మీ సంగతి చూస్తే నా జీవితమంతా పట్టేలా ఉంది. లోపలికి రండి, పండక్కి వండిన పస్టెల్స్ చల్లారిపోతున్నాయి."

నేనూ వెనకాలే వెళ్ళబోయాను. వెధవ, నా మొహం మీదే తలుపేశాడు.