ఘటాల వరుస చివర

రంగూన్‌లో తెలుగువాళ్ల పెళ్లంటే నా చేతి మీదుగా జరగాల్సిందే. ఊరి నడిబొడ్డున పబేడాన్ పేట ధనరాజ్‌నీ, ఏటి అవతల తన్లిన్ తాయారునీ కలిపింది ఈ చేతులే.

ధనరాజ్‌ది ముత్తాతల నాటి పప్పుల కొట్టు. తాయారు ముత్తాత రేవులో బస్తాలు మోశాడు. ఆమె ఓడల ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. మూడు నెలల స్నేహం. తన్లిన్ అమ్మవారి పండగనాడు పెళ్లి మాట అడగాలని అతను బస్సెక్కి వంతెన దాటి వచ్చాడు.

ఊరేగింపులో ఏటా నెత్తిన దీపంతో నడిచే మొదటి ఘటం కొట్టువాళ్లదే, చివరివి రేవు కూలీల ఇళ్లవి. మోసే వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులు, అందుకని ఈసారి ధనరాజ్ నెత్తికెక్కింది.

"పెద్దోళ్లు కదా, ముందుండండి," అంది తాయారు.

అతనికి చురుక్కుమంది. "నానేటి సేసినాను? బస్సులో బర్మావోళ్లు నన్నూ 'కలా', ఇండియావోడా, అని ఎక్కిరిస్తారు. పక్క సీట్లోంచి లేచిపోతారు. నానెక్కడి పెద్దోణ్ని?"

"బస్సులో మనిద్దరం ఒకటే, కో ధనరాజ్. గుడికాడ కాదు," అంది తాయారు, బర్మా మర్యాదగా పేరు ముందు 'కో' తగిలించి.

"ముత్తాతలు పెట్టిన ఆచారానికి నన్ను బ్లేమ్ సేస్తే ఎలాగ?"

"ఒకసారి ఎనక నిలబడి సూడు," అని ఆమె వెళ్లిపోయింది.

అడగాల్సిన మాట అతని నోట్లోనే ఉండిపోయింది.

ఊరేగింపు గుడి చేరేసరికి వాన. మొదటి ఘటం మండపం కప్పు కిందికి చేరిపోయింది. తాయారు చూస్తోందేమోనని ధనరాజ్ వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు అలాగే నిలబడిపోయాడు.

వీధి పొడుగునా డెబ్బై ఘటాలు, వాటి మీద డెబ్బై దీపాలు. చీలమండ లోతు నీళ్లు. ఒక్కరూ వరుస వదిలి పరిగెత్తడం లేదు. ఒక చేత్తో తన ఘటం పట్టుకుని, రెండో అరచెయ్యి ముందున్నామె దీపానికి అడ్డుపెట్టింది ప్రతి ఆడమనిషీ. ఆ వెలుగుకి అరచేతులన్నీ ఎర్రగా మెరుస్తున్నాయి. ఇరవయ్యారేళ్లుగా కప్పు కిందే ఉన్నవాడికి ఈ వానా తెలీదు, ఈ చేతులూ తెలీవు.

నెత్తిన ఘటంతోనే మెట్లు దిగాడు. చివరన తాయారు. ఆమె దీపానికి అడ్డుపెట్టే చెయ్యి లేదు. వెనక నిలబడి తన చెయ్యి పెట్టాడు.

నెత్తిన ఘటం, ఆమె తిరగడానికి వీల్లేదు. "ఎవరది?"

"నానే. తిట్టినావనుకున్నాను."

"తిట్టనేదు. సూడమన్నాను."

"సూసినాను. పెళ్లి సేసుకుంటావా అని అడుగుదామనొచ్చినాను."

"ముందు దీపం సూడు," అంది. గొంతులో మాత్రం నవ్వుంది.

ముందున్న తాయారు నాయనమ్మ అచ్చమ్మ అడిగింది: "ఎవరే ఎనక?"

"కొట్టోళ్లబ్బాయి."

"ముందుకెళ్లమను. ఆచారం."

"ఎల్లడంట."

అచ్చమ్మ రెండడుగులు ఆలోచించింది. "ఐతే ఆ సెయ్యి తియ్యొద్దని సెప్పు."

ఆ రాత్రి ఒక్క దీపమూ ఆరలేదు.

వీళ్లని కలిపింది నేనన్నాను కదూ? ఆ వేళ నేను మండపంలో కుర్చీలో కునుకు తీస్తున్నాను. ఇదంతా అచ్చమ్మ చెప్పగా విన్నదే. నేను కల్పించింది ఒక్కటే, దీపాలేవీ ఆరలేదని. వరుస చివరికొచ్చిన ధనరాజ్ వెనక ఎవరూ లేరాయె, కప్పు దాటగానే అతనిది వానకి ఆరిపోయింది. వరుస గుడి చేరాక మెట్ల దగ్గర తాయారు తన దీపంతో దాన్ని అంటించింది.