బూడిద రంగు నిలవని ఊరు

సోమవారం ఉదయం పది గంటలకు ఏజెంట్ లమీస్ బిటార్‌కు ఆజ్ఞ అందింది. గురువారం సాయంత్రం నాలుగింటికల్లా ఆమె నల్లటి జుట్టు బూడిద రంగుకు మారాలి.

"పిస్తోలు సంగతేంటి సార్?" అంది లమీస్.

"తర్వాత చూద్దాం. ముందు జుట్టు," అన్నాడు కల్నల్ ముంజిద్. బేరూత్ గూఢచారి విభాగంలో ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. "మన మనుషులు పదకొండు మంది పేర్లు ఎవడో దొంగిలించాడు. ఆ జాబితా చిన్న చిప్‌లో ఉంది. గురువారం దాన్ని విదేశీ ముఠాకు అమ్ముతాడు. వాడెవడో మనకు తెలీదు. జాబితా దేశం దాటిన మర్నాటికి ఆ పదకొండు మందీ ఉండరు."

పదకొండు మందిలో ఐదో పేరు తౌఫీక్. రేవులో క్రేన్ నడుపుతాడు. రెండేళ్ళ కిందట అతని వంటింట్లో కూర్చుని, "నీ పేరు నా నోరు దాటదు" అని మాటిచ్చి ఒప్పించింది లమీసే.

"మిగతాది యారా చెబుతుంది," అన్నాడు కల్నల్.

యారా కిటికీ పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ముఠాలో ఉంటూ విభాగానికి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. మూడు వారాలుగా ఈ ఆఫీసుకు వస్తూపోతూ ఉంది. భుజాల దాకా జారే జుట్టు, అందులో పసుపు చాయ కలికానికి కూడా లేదు. చల్లారిన నిప్పు మీది బూడిదలా మెత్తటి రంగు.

"సరుకు అందుకోవాల్సిన మనిషిని సైప్రస్ దీవిలో, లార్నకాలోనే ఆపేశాను హబీబ్తీ," అంది యారా, 'బంగారూ' అన్నంత తీయగా. "ఆమె బదులు నువ్వు అష్రఫియే పేటలో నకూలా సెలూన్‌లో కూర్చుంటావు. అమ్మేవాడు ఆమెను ఎప్పుడూ చూడలేదు. వాడికి తెలిసిందల్లా ఆ కుర్చీ, ఈ రంగు జుట్టు, ఒక మాట. 'సముద్రం ఎలా ఉంది' అంటాడు. 'ఇస్త్రీ చేసినట్టుంది' అనాలి నువ్వు. రంగు అచ్చం నా జుట్టులా ఉండాలి. ఏమాత్రం తేడా ఉన్నా వాడు దగ్గరికి రాడు."

మధ్యాహ్నం యారాయే లమీస్‌ను వెంటబెట్టుకుని మూడో అంతస్తులోని సెలూన్‌కు తీసుకెళ్ళింది. నకూలా అరవై దాటినవాడు. యారా జుట్టు చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎవరు వేశారు మదాం ఈ రంగు?" అంటూ చెయ్యి చాపాడు.

యారా తల వెనక్కి తీసుకుంది. "కళ్ళతో చూడు మాస్టారూ, చాలు. మూడు వారాలైంది వేయించి. రోజూ తలస్నానం చేస్తాను. ఇలాగే ఉంది."

"మీ ఇంట్లో నీళ్ళు?"

"అందరికీ వచ్చే ట్యాంకరు నీళ్ళే. మాకేమైనా నది ఉందా?"

నకూలా మొహం మాడిపోయింది. ఆ తర్వాత పని మొదలుపెట్టాడు.

మొదటిరోజు బ్లీచ్‌కి లమీస్ జుట్టు కారెట్ రంగు తేలింది. దాని మీద ఊదా రంగు టోనర్ పూశాడు. కడిగి ఆరబెట్టేసరికి మళ్ళీ కారెట్టే.

"టోనర్ అంటే పల్చటి నీడ తల్లీ," అన్నాడు నకూలా. "అడుగున నారింజ రంగు మండుతుంటే పైన నీడ ఏం కనబడుతుంది? అరటితొక్క లోపలి పసుపు దాకా దించితేగానీ బూడిద పట్టదు. నీది గుర్రం తోకంత మొండి జుట్టు. రేపు రా."

మంగళవారం రెండో బ్లీచ్ పడింది. తల మంట పుట్టి లమీస్ కుర్చీ చేతుల్ని గోళ్ళతో గీరింది. ఈసారి టోనర్ పట్టింది. అద్దంలో చూసుకుని ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. బుధవారం పొద్దున ఇంట్లో ఒక్కసారి తల కడిగింది. అరగంటలో అద్దంలో పసుపు నవ్వింది.

"మాస్టారూ, ఇదేం మందు! ఒక్కరోజు ఉండదా?" అని సెలూన్‌లో అరిచింది.

"నా మీద అరవకు. రెండుసార్లు కాల్చాం. జుట్టు స్పాంజి అయింది. రంగును గబగబా తాగుతుంది, గబగబా కక్కేస్తుంది. వేణ్ణీళ్ళు పోశావా?"

"చన్నీళ్ళే."

"ఏ నీళ్ళు?"

"ఏ నీళ్ళేమిటి? ట్యాంకరు నీళ్ళు."

నకూలా పక్క కుర్చీలో కూలబడ్డాడు. "సగం ఉప్పు, సగం ఇనుము. ఆ స్పాంజిలోకి వెళ్ళేది అదే. పందొమ్మిదేళ్ళుగా ఈ నీళ్ళతో కుస్తీ పడుతున్నాను. ఈ ఊళ్ళో బూడిద రంగు పది రోజులు నిలిచిన తల ఒక్కటి నా చేతికి రాలేదు. పెళ్ళికూతుళ్ళకు పెళ్ళినాటి పొద్దున్నే వేస్తాను, ఫోటోలు అయ్యేదాకా తల తడపొద్దని ఒట్టు వేయించుకుంటాను. ఆ మదాంది మాత్రం మూడు వారాలట! రోజూ కడుగుతుందట! ఆ రంగు వేసినవాణ్ణి చూపించు, వాడి కాళ్ళు మొక్కి ఆ తర్వాత గొంతు పిసుకుతాను."

"నీ అసూయ తర్వాత తీర్చుకో. నా తల సంగతి చూడు."

తాగేనీళ్ళ సీసాలు తెప్పించి మూడోసారి కడిగి పూశాడు. అప్పటికే జుట్టులోకి దిగిన ఇనుము ఊరుకోలేదు. చివర్లు ఊదా రంగు, నడిమి బూడిద, మొదళ్ళు పసుపు తేలాయి. కల్నల్ ఫోటో చూసి ఫోన్ చేశాడు.

"నేను ఏజెంటును పంపానా, పిల్లిని పంపానా?"

"మీరే వచ్చి పూయండి సార్!" అనేసింది లమీస్. పదేళ్ళ ఉద్యోగంలో ఆయనతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఫోన్ పెట్టేశాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాల్పులకు జంకలేదు, రెండు సరిహద్దులు మారువేషంలో దాటింది. ఇప్పుడు వేలెడు సీసాలోని ఊదా నీళ్ళు తన మాట వినడం లేదు. తౌఫీక్ ప్రాణం ఆ సీసాలో ఉంది.

గురువారం. విభాగం మనుషులు పద్నాలుగు మంది సెలూన్ చుట్టూ కాపు కాశారు. పువ్వుల కొట్టులో ఇద్దరు, ఎదురు బాల్కనీలో ఒకడు, మిగిలినవాళ్ళు సందుల్లో. మూడున్నరకు నకూలా నాలుగో టోనర్ కలిపాడు. లమీస్ తలలోని క్లిప్ తీసి గిన్నె పక్కన పెట్టాడు.

"అది తీయకు!" అంది లమీస్. దాని లోపల రేడియో ఉంది. ఆ క్లిప్‌లో మాట్లాడితేనే కింద ఉన్నవాళ్ళకు వినబడుతుంది.

"ఇనుప క్లిప్‌తో ఈ మందు పూస్తే జుట్టు పొగలు కక్కుతుంది తల్లీ. బోడిగుండు కావాలా?"

నాలుగింటికి ఐదు నిమిషాలు ఉందనగా యారా వచ్చి పక్క కుర్చీలో కూర్చుని గోళ్ళకు రంగు వేయించుకుంది. నాలుగైంది. నాలుగుంబావు దాటింది. మొదళ్ళు పట్టలేదని నకూలా వాటి మీద ఇంకోసారి మందు పూశాడు. ఎవరూ రాలేదు.

నాలుగున్నరకు మూడు నిమిషాలు ఉందనగా యారా లేచి నిట్టూర్చింది. "గుమ్మంలోంచి నీ తల చూసి వెనక్కి పోయుంటాడు హబీబ్తీ. ఆ మొదళ్ళు చూడు, కోడిపిల్లల్లా ఉన్నాయి. నీ తప్పు కాదులే, టోనర్ తప్పు. నేను ఆరింటి విమానానికి లార్నకా వెళ్ళి ఇంకో దారి చూస్తాను. మీ కల్నల్ ఇచ్చిన పాసు ఉంది, నన్నెవరూ సోదా చేయరు."

ఆమె వెళ్ళింది. వరండాలో లిఫ్ట్ బటన్ నొక్కిన చప్పుడు వినిపించింది. తౌఫీక్ వంటింట్లో ఇచ్చిన మాట లమీస్‌కు గుర్తొచ్చింది.

నకూలా తలుపు వైపు చూస్తూ గొణిగాడు. "సోమవారం ఎలా ఉందో ఇవాళా అలాగే. మొదళ్ళలో నలుపు గింజంత లేదు. రంగంటే పోనీ, నీళ్ళ అదృష్టం అనుకుంటాను. జుట్టు పెరగడం కూడా మానేసిందా ఆవిడకి?"

లమీస్ అద్దంలో అతన్ని చూసింది.

ఈ ఊరి నీళ్ళు అందరి తలల్నీ ఒకేలా పాడుచేస్తాయి. పాడవనిది తలకు పుట్టని జుట్టే. విగ్గు పెట్టుకోవడం నేరం కాదు. కానీ రోజూ కడుగుతున్నానని ఎవరూ అడక్కుండానే ఎందుకు చెప్పాలి? చెయ్యి పడకుండా ఎందుకు తప్పుకోవాలి? ఈ కుర్చీ, ఈ రంగు, ఆ మాట, అమ్మేవాడు వస్తాడన్న కబురు, అన్నీ చెప్పింది యారాయే. మూడు వారాలుగా ఆఫీసులో తిరుగుతున్నదీ ఆమే; అమ్మేవాడంటూ వేరే ఎవడూ లేడు. పద్నాలుగు మందిని ఇక్కడ కాపలా పెట్టించి, పాసు పట్టుకుని విమానాశ్రయానికి పోతోంది.

"నా క్లిప్!"

చెయ్యి తగిలి క్లిప్ మందు గిన్నెలో పడింది. నురగ కక్కింది. రేడియో చచ్చింది.

లమీస్ మెట్ల మీదికి దూకింది.

"ఇంకా ఏడు నిమిషాలు ఉంచాలి!" అని నకూలా వెనకాల కేక పెట్టాడు.

మెడ చుట్టూ నల్లటి ప్లాస్టిక్ గుడ్డ, చెవుల మీదుగా ఊదా చారలు. రెండో అంతస్తు మలుపులో లిఫ్ట్ ఆమెను దాటి కిందికి జారింది. జాలీలోంచి యారా చూసింది. ఆ ముఖంలో నవ్వు లేదు. లమీస్ కాలు మెట్టు మీద జారింది. ఇక అందదు.

సరిగ్గా నాలుగున్నరకు వీధిలో కరెంటు పోయింది. రోజూ పోయేది ఆ వేళకే. లిఫ్ట్ రెండంతస్తుల మధ్య ఆగింది. జనరేటర్ అందుకోవడానికి అరనిమిషం పడుతుంది. ఆ సంగతి ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. యారాకు తెలియదు.

జనరేటర్ గుర్రుమంది. లిఫ్ట్ కిందికి దిగి తలుపు తెరుచుకునేసరికి లమీస్ ఎదురుగా రొప్పుతూ నిలబడి ఉంది.

"ఏంటి హబీబ్తీ, తల కడుక్కోలేదా?" అంటూ యారా చేతిసంచిలోకి చెయ్యి పోనిచ్చింది.

మందు ఓడుతున్న ప్లాస్టిక్ గుడ్డను లమీస్ ఆమె ముఖం మీదికి విసిరింది. యారా కళ్ళు మూసుకుని కేక వేసింది. సంచిలోంచి చిన్న పిస్తోలు నేల మీద పడింది. లమీస్ ఆ బూడిద రంగు జుట్టును పిడికిట పట్టి లాగింది. మొత్తం ఊడి చేతికి వచ్చింది. లోపలి వల మీద, నుదుటి దగ్గర, బియ్యపు గింజంత చిప్ అంటించి ఉంది. వీధి చివర ఆమె కోసం ఆగిన టాక్సీ హారన్ కొట్టింది. పువ్వుల కొట్టులోంచి ఇద్దరు పరుగెత్తుకొచ్చారు.

మర్నాడు కల్నల్ ముందు లమీస్ కూర్చుంది. ఏడు నిమిషాల ముందే తల కడగవలసి రావడంతో జుట్టు మూడు చోట్ల మూడు రంగుల్లో ఉంది. తౌఫీక్ ఆ పొద్దున కూడా క్రేన్ ఎక్కాడని కబురొచ్చింది. అది విన్నాకే ఆమె టీ ముట్టింది.

కల్నల్ నివేదిక చదివి, ఒక గడి మీద వేలు పెట్టాడు. "మిషన్‌కు సహకరించినవారు, అన్న చోట ఇదేం రాశావు?"

"ఉన్నదే రాశాను సార్. ట్యాంకరు నీళ్ళు, కరెంటు కోత."

కల్నల్ సంతకం పెట్టి, కాగితం తిప్పి ఇచ్చాడు. ఆ తర్వాత, చూసినవాళ్ళు ప్రమాణం చేసి చెబుతారు, ఆయన నవ్వాడు.

"పైవాళ్ళు చూస్తే," అన్నాడు, "ఆ రెండింటినీ బాగుచేస్తారేమోనన్న భయమైతే లేదులే."