తొమ్మిదో తప్పు

ఆదివారం పొద్దున్నే గుమ్మంలో పేపరు పడిన చప్పుడు వినగానే పెద్దాయన చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులని రోజుకి నాలుగుసార్లు మూలిగే మనిషి, ఆ పరుగు చూసి తీరాల్సిందే. నాలుగో పేజీలో తన ఉత్తరం ఒక్క కామా కూడా పోకుండా అచ్చయి ఉంది. "వేశారోయ్! మొత్తం వేశారు!" అని వంటింట్లోకి వినపడేలా కేకేశాడు.

ఆయన ముప్ఫై నాలుగేళ్ళు ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దాడు. ఉద్యోగం మానేసినా చెవి మీద ఎర్ర పెన్సిలు పెట్టుకోవడం మాత్రం మానలేదు. మందుల డబ్బాలోని కాగితాలు, శుభలేఖలు, కరెంటు బిల్లులు, ఏది చేతికొస్తే అది దిద్దేవాడు. ఒకసారి మనవరాలి సెలవు చీటీకి టీచరు రాసిన జవాబుని కూడా దిద్ది పంపాడు. కొడుకు బడికి వెళ్ళి క్షమాపణ చెప్పుకుని వచ్చాడు పాపం.

ఇప్పుడాయన చేతికి చిక్కింది ఒక టీవీ సీరియలు. 'నీడలమ్మే ఊరు' అని వెయ్యి పేజీల పుస్తకం, మాయలూ మంత్రాలూ నిండిన కథ. ఆ ఊళ్ళో పేదవాళ్ళు తమ నీడల్ని డబ్బున్నవాళ్ళకి అమ్ముకుంటారు. వాళ్ళమ్మ అమ్ముకున్న నీడని తెచ్చివ్వడానికి ఒక పడవవాడి కూతురు బయలుదేరుతుంది. ఆ పుస్తకం మొదటి ముద్రణకి ప్రూఫులు చూసింది ఈయనే. దాన్ని ఎనిమిది భాగాల సీరియలుగా తీస్తే, ఎనిమిది శనివారాల సాయంత్రాలూ ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని చూశాడు. పేజీ మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు 'మంచి', కుడివైపు 'తప్పులు' అని రాసుకున్నాడు. ఆ నోటుబుక్కులోంచి పుట్టిందే ఈ ఉత్తరం. ఇంట్లో ఎవరికీ చూపించకుండా పంపాడు, అందరికీ ఒకేసారి ఆశ్చర్యం కలగాలని.

అందరూ టీల దగ్గర చేరారు. లిఫ్టులు బాగుచేసే కొడుకు, రొట్టె కాలుస్తున్న భార్య, కప్పులు అందిస్తున్న కోడలు, 'పిచ్చుక' అని ముద్దుగా పిలుచుకునే తొమ్మిదేళ్ళ మనవరాలు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"మంచి, ఒకటి. పడవవాడి వేషం వేసిన నటుడి గొంతు. పుస్తకంలోంచి లేచొచ్చినట్టే ఉంది. రెండు. ఏడో భాగంలో ఆ పిల్ల పొగమంచులోకి నడుస్తూ నడుస్తూ కరిగిపోవడం, ఒడ్డున తల్లి చెయ్యి గాల్లో ఉండిపోవడం. అది చూసి నా కళ్ళు చెమర్చాయి."

"నిజమే, ఏడ్చారు. కండువాతో తుడుచుకోవడం నేను చూశాను," అంది భార్య.

"మధ్యలో మాట్లాడకు. ఇక తప్పులు. నీడల సంతని పూర్తిగా ఎగరగొట్టేశారు. ఇద్దరన్నదమ్ముల్ని కలిపి ఒక్కడిని చేశారు, దాంతో కథ సగం చచ్చింది. రాజుగారి నీడ నేల మీద ఒలికిన సిరాలా ఉంది..."

అలా ఒక్కొక్కటీ చదువుతూ తొమ్మిదో తప్పు దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు ఇంకా పెరిగింది. "తొమ్మిది. పుస్తకంలో ఆ పిల్ల వేసుకునే పొడుగాటి అంగీ ముదురు నీలం. మూడు వందల పన్నెండో పేజీలో స్పష్టంగా ఉంది. టీవీలో బూడిద రంగు! కుట్టినవాళ్ళకి చదువు రాకపోతే పోనీ, తెలిసినవాళ్ళనైనా అడగొచ్చు కదా?"

కోడలి చేతిలో కప్పు సాసరుకి తగిలి టంగుమంది. ఆమె దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, గదిలోకి వెళ్ళిపోయింది. భార్య పొయ్యి కట్టేసింది. పెద్దాయన కళ్ళజోడు మీదుగా అందర్నీ చూశాడు. "ఏమైంది? ఇంకా రెండు తప్పులున్నాయి."

"నాన్నా," అన్నాడు కొడుకు, "ఆ అంగీ కుట్టిందెవరో తెలుసా?"

"ఎవరైతే నాకేంట్రా? తప్పు తప్పే."

"నీ కోడలు."

కోడలు టీవీవాళ్ళ దుస్తుల షెడ్డులో పనిచేస్తుందని తెలుసు. అక్కడ ఏం కుడుతుందో ఆయన ఏనాడూ అడగలేదు. ఏ సీరియలుకి కుడుతున్నదీ అది బయటికొచ్చేదాకా ఎక్కడా చెప్పనని ఆమె సంతకం పెట్టింది. మొదటి భాగం వస్తున్నప్పుడు "మామయ్యా, ఆ అంగీ ఉంది చూశారూ..." అని ఆమె మొదలుపెడితే "ష్, మాటలు వినపడట్లేదు" అన్నది ఈయనే. అదంతా గుర్తొస్తూనే ఉంది. కానీ ముప్ఫై నాలుగేళ్ళ పెద్దరికం ఊరుకోనిస్తుందా?

"కోడలైతే మాత్రం? ఇంట్లో నన్ను పెట్టుకుని నన్నడక్కుండా కుట్టడమేంట్రా? ఆ పుస్తకం నాకు నోటికొచ్చు! ఒక్క మాట అడిగితే ఆవిడ సొమ్మేం పోయేది?"

అంతలో పిచ్చుక కుర్చీ దిగింది.

"అడిగింది తాతయ్యా. నేనూ అక్కడే ఉన్నా."

"ఏంటీ?"

పిచ్చుక కుట్టుమిషను దగ్గరికెళ్ళి, కొలతలు రాసుకునే అట్టపుస్తకం తెచ్చి, పేజీ వెతికి తాతయ్య ముందు పెట్టింది. భుజం, చెయ్యి, నడుము, పొడుగు. వాటి కింద కోడలి గుండ్రటి అక్షరాలు: "అంగీ రంగు: బూడిద. మామయ్యగారు చెప్పారు. ఆయనకి పుస్తకమంతా నోటికొచ్చు."

పెద్దాయన ఆ వాక్యం రెండుసార్లు చదివాడు.

అప్పుడు గుర్తొచ్చింది. వాన పడుతున్న ఓ పొద్దున, ఈయన పేపర్లో అచ్చుతప్పులు ఏరుతున్నాడు. తడిచేతులు తుడుచుకుంటూ కోడలొచ్చి "మామయ్యా, 'నీడలమ్మే ఊరు'లో ఆ అమ్మాయి అంగీ ఏ రంగండీ?" అంది. ఈయన తలెత్తకుండానే "బూడిద" అన్నాడు. "ఒక్కసారి పుస్తకం చూసి చెప్తారా?" అందామె భయం భయంగా. "ముప్ఫై నాలుగేళ్ళు దిద్దినవాణ్ణి, నాకు పుస్తకం చూడాలటమ్మా?" అన్నాడు. ఎంత పొగరు!

బూడిద ఎక్కణ్ణించి వచ్చిందో కూడా ఇప్పుడు తెలిసింది. రచయిత మొదట బూడిద అనే రాశాడు. మొదటి ప్రూఫు అలాగే వచ్చింది. రెండో ప్రూఫుకి మనసు మార్చుకుని నీలం చెయ్యమని కబురు పంపాడు. పద్నాలుగు చోట్ల బూడిదని కొట్టేసి నీలమని రాసింది ఈ ఎర్ర పెన్సిలే. కాగితం మీద దిద్దాడు కానీ బుర్రలో దిద్దుకోలేదు. మొన్న ఉత్తరం కోసం పుస్తకం తెరిచినప్పుడు నీలం కనపడితే, తప్పు తనదేమోనన్న అనుమానమైనా రాలేదు. పక్కవాడిదే అనుకున్నాడు.

"ఇంకోటి కూడా విను నాన్నా," అన్నాడు కొడుకు. "ఈ రంగు గురించి టీవీవాళ్ళకి ఇప్పటికే నలభై ఉత్తరాలొచ్చాయట. రెండో సీజనుకి ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసెయ్యాలో రేపు తేలుస్తారు. ఇది చాలక నువ్వూ రాశావు."

పెద్దాయన లేచి గది గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల కోడలు మడతపెట్టిన బట్టల్నే మళ్ళీ విప్పి మడతపెడుతోంది.

"అమ్మాయ్... వాళ్ళకి నా పేరు చెప్పావా? నన్నడిగే కుట్టానని?"

"లేదు మామయ్యా. నేనే సరిగ్గా చదువుకోలేదని చెప్పాను."

"అదేంటమ్మా? నిజం చెప్పొచ్చుగా!"

ఆమె తల తిప్పకుండానే అంది. "మీరు ప్రూఫు చూస్తే ఒక్క తప్పు మిగలదని అక్కడ అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఏ మొహంతో మీ పేరు చెప్పను?"

చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. పెద్దాయన వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. తొమ్మిదో తప్పు అలాగే పైకి చూస్తున్న పేపరుని బోర్లా తిప్పి పెట్టాడు. భార్య చల్లారిన టీ తీసేసి వేడిది పెట్టింది, ఒక్క మాట కూడా అనకుండా. ఆవిడ నాలుగు తిట్టినా బాగుండు అనిపించిందాయనకి.

మర్నాడు పొద్దున కోడలు సంచీ తగిలించుకుని బయలుదేరేసరికి ఆయన చొక్కా మార్చుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మీరెందుకు మామయ్యా? వద్దు. పదిమందిలో మీకు చిన్నతనం."

"నీకు పదిమందిలో జరిగిందిగా. పద."

ఇద్దరూ బస్సెక్కి వెళ్ళారు. దుస్తుల షెడ్డు పొడుగ్గా, ఇనుప రేకుల కప్పుతో ఉంది. రెండు వరసల్లో మిషన్లు గడగడా నడుస్తున్నాయి. ఇస్త్రీ ఆవిరి, కొత్త బట్ట వాసన. గోడ మీద బోర్డుకి నాలుగో పేజీ కత్తిరించి గుచ్చారు. తొమ్మిదో తప్పు కింద ఎవరో ఎర్రగీత గీశారు. ఆ గీత చూడగానే పెద్దాయన చెయ్యి తనంతట తానే చెవి మీదికి పోయింది. అక్కడున్న పెన్సిలు తీసి జేబులో దాచుకున్నాడు.

"చదువు రాకపోతే పోనీ..." అని మూల మిషను దగ్గర ఒకతను కోడలికి వినపడేలా రాగం తీశాడు. ఇద్దరు నవ్వారు. అది తన వాక్యమే. నిన్న చదువుతున్నప్పుడు ఎంత ముచ్చటపడ్డాడో ఆ వాక్యానికి!

ఆ షెడ్డుకంతా పెద్ద అయిన హెడ్ మేడమ్ మెళ్ళో టేపు వేసుకుని, జాకెట్టు చేతికి గుండుసూదులు గుచ్చుకుని వచ్చింది. పెద్దాయన చేతులు జోడించాడు.

"అమ్మా, ఈ ఉత్తరం రాసింది నేను. ఈ అమ్మాయికి మామగార్ని."

"ఓహో. మీరేనా?" అంది ఆవిడ పొడిగా.

"అంగీ బూడిద రంగని చెప్పిందీ నేనే. ఈ పిల్ల నన్నడిగింది. పుస్తకం చూసి చెప్పమని కూడా అంది. నేను తలెత్తలేదు. తప్పు నాది. నా తప్పుని నేనే తీసుకెళ్ళి పేపర్లో వేయించి, దీని నెత్తిన పెట్టాను."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. రాగం తీసినతను తలొంచుకుని దారం ఎక్కించడం మొదలెట్టాడు. "చెప్పిందీ మీరే, తిట్టిందీ మీరేనా?" అంది హెడ్ మేడమ్. ఎక్కడో ఒక నవ్వు కిసుక్కుమంది. పెద్దాయనకి అక్కడికక్కడే నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

ఆవిడ కొక్కేనికున్న అంగీ తెచ్చి బల్ల మీద పరిచింది. "మీ ఉత్తరంలో రెండో మంచి ఏం రాశారో చదవండి."

ఆయన బోర్డు దగ్గరికెళ్ళి చదివాడు. పొగమంచు, కరిగిపోయే పిల్ల, గాల్లో తల్లి చెయ్యి.

"ఆ సీను పుస్తకంలో ఉందా?"

"లేదమ్మా. పుస్తకంలో ఆ పిల్ల నీలంరంగు చుక్కలా అవతలి ఒడ్డుదాకా కనపడుతూనే ఉంటుంది."

"ఈ బట్ట చూశాకే మా దర్శకుడికి ఆ సీను తట్టింది. నీలం అంగీ మంచులో కరగదు కదా? మీరు ఏడ్చిందీ ఈ అంగీకే, తిట్టిందీ ఈ అంగీనే."

పెద్దాయన అంగీ అంచు పట్టుకు చూశాడు. అంచు పొడుగునా బూడిద మీద బూడిద దారంతో సన్నటి అలలు కుట్టి ఉన్నాయి. పడవవాడి కూతురు కదా మరి. టీవీలో అవి కనపడనైనా కనపడవు. "ఎన్ని రోజులు పట్టిందమ్మా ఇది?" అన్నాడు కోడలితో.

"పంతొమ్మిది రోజులు మామయ్యా. ఇంటికి తెచ్చుకుని, మీ కుర్చీ పక్కనే కూర్చుని కుట్టాను."

పంతొమ్మిది రోజులు తన పక్కనే! ఆయన కళ్ళు నిండిపోయాయి. ఈసారి కండువా అడ్డం పెట్టుకోలేదు.

హెడ్ మేడమ్ అంగీని మళ్ళీ కొక్కేనికి తగిలించింది. తర్వాత "రంగుకి సంతకం పెట్టింది నేను. పుస్తకం తెరవనివాళ్ళలో నేనూ ఉన్నాను," అని కోడలి వైపు తిరిగింది. "నీ పేరు మాత్రం పొద్దున్నే కొట్టేశాను." చేతిలో రెండో సీజనుకి ఉంచేవాళ్ళ జాబితా ఉంది. కోడలి పేరు మీద అడ్డగీత.

"అమ్మా," అన్నాడు పెద్దాయన, "మా పనిలో ఒక మాటని పొరపాటున కొట్టేస్తే, దాని కింద చుక్కలు పెడతాం. అంటే కొట్టేసింది చెల్లదు, మాట ఉంచెయ్యమని." జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి రెండు చేతులతో పట్టుకుని అందించాడు.

ఆవిడ ఆయన్నీ పెన్సిల్నీ మార్చి మార్చి చూసి, కోడలి పేరు కింద వరసగా చుక్కలు పెట్టింది. "ఇకమీద ఏ రంగైనా పేజీ నంబరుతో సహా చెప్పాలి," అంది కోడలితో.

ఆపై ఆదివారం నాలుగో పేజీలో రెండు వాక్యాలు వచ్చాయి: "పోయిన వారం నేను రాసిన తొమ్మిదో తప్పు నాదే. అంగీ కుట్టినామె నన్ను అడిగింది, నేనే తప్పు చెప్పాను." ఈసారి ఆ ఉత్తరం ముందుగా ఇంట్లో అందరూ చదివారు. ఆయన మాత్రం పేపరు రాగానే పరుగెత్తలేదు.

నెల తిరక్కుండానే ఓ పొద్దున కోడలు అట్టపుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "మామయ్యా, ముసలి రాణి చేతి తొడుగులు ఏ రంగండీ?"

తెలుపు. నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దాయన నాలుక కరుచుకుని, పేపరు పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఉండమ్మా. ఇలా వచ్చి కూర్చో, ఇద్దరం చూద్దాం."

పుస్తకం ఇద్దరి మధ్యా తెరిచి పెట్టుకున్నారు. వెతగ్గా వెతగ్గా పేజీ దొరికింది. తొడుగులు పసుపు. కోడలు పెదవి బిగబట్టి నవ్వాపుకుంది, ఆయన ఆపుకోలేకపోయాడు. ఆమె రాసుకుంటుంటే పక్కనుంచి చదివాడు.

"తొడుగులు: పసుపు. నాలుగు వందల ఆరో పేజీ. మామయ్యగారూ నేనూ చూశాం."