స్పీకర్ కింద చెప్పుముక్కలు

నేను ఇంతవరకు ఏదీ రాసి ఎరగను. చదువు ఐదో క్లాసుతో సరి. నలుగురిలో నోరు విప్పాలంటేనే గొంతు పట్టేస్తుంది. "నోటితో రాకపోతే కాగితం మీద పెట్టమ్మా, కాగితం మధ్యలో అడ్డుపడదు" అంది మా అమ్మాయి. అందుకని రాస్తున్నా. తప్పులుంటే మీరే సర్దుకోండి.

మా ఆయన కార్పెట్లు పరిచే పని చేస్తారు. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ మెత్తగా చేసి, మమ్మల్ని మాత్రం ఇన్నాళ్ళూ గచ్చు మీదే నడిపించారు. మొన్నామధ్య ఒక పాత సినిమా హాలు మూసేస్తుంటే అక్కడి కార్పెట్ పీకే పని తగిలింది. చిరగని ముక్క చూసుకుని, చుట్ట చుట్టి భుజానేసుకొచ్చారు. ముదురు ఆకుపచ్చ. పాదం దిగబడేంత మందం. అడుగేస్తే అచ్చు పడుతుంది, కాసేపటికి మెల్లగా పైకి లేస్తుంది.

చుట్ట విప్పుతుంటే లోపల్నుంచి ఒక జత రబ్బరు చెప్పులు జారిపడ్డాయి. మడమల దగ్గర అరిగిపోయి, బొటనవేలు ఆనే చోట గుంటలు పడి ఉన్నాయి.

"చూశావా మర్యాద! కార్పెట్ ఇచ్చి చెప్పులు కూడా పెట్టారు" అని నవ్వారాయన.

"ఎవరివో ఏమిటో. పడేద్దామండీ."

"ఉండనీవే. ఎందుకో ఒకందుకు పనికొస్తాయి."

ఆయనకి ఏదైనా పారెయ్యాలంటే ప్రాణం పోయినట్టుంటుంది.

తర్వాత స్పీకర్లొచ్చాయి. పాత సామాన్ల కొట్లోంచి తెచ్చారు. చెరొకటి నా గుండెల ఎత్తుంది. నేల మీద నిటారుగా నిలబెట్టే రకం, బరువంటే బరువు. కార్పెట్ మీద నిలబెడితే తాగొచ్చినవాళ్ళలా ఊగేవి. మా మనవడేమో, వాణ్ణి మేం బుడంకాయ అంటాం, ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడే వయసులో ఉన్నాడు. అమ్మాయి, అల్లుడు పనికెళితే పగలంతా నా దగ్గరే. ఆ స్పీకర్ గనక వాడి మీద... ఆ మాట మనసులో కూడా పూర్తి చేసేదాన్ని కాదు.

"నాన్నా, వాటి కింద మొనదేలిన కాళ్ళు బిగిస్తారట. అవి కార్పెట్‌లోంచి దిగి గచ్చుకి ఆనితే ఇక కదలవట" అంది అమ్మాయి.

"నా కార్పెట్‌కి బొక్కలా? కావాలంటే నన్ను పొడువు, దాన్ని పొడవనివ్వను."

"అయితే రేపట్నుంచి బుడంకాయ ఇక్కడికి రాడు. పిల్లల్ని చూసుకునేచోట చేర్పించేస్తా."

ఆయన ఆ దెబ్బకి దిగొచ్చారు. నాకైతే పై ప్రాణాలు పైనే పోయాయి. వాడు లేకపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఇంట్లో నాతో మాట్లాడేదెవరు?

వంటగట్టులో సింకు కోసం రాయి కోస్తారు కదా, ఆ కోసిన గ్రానైట్ ముక్కలు రాళ్ళకొట్టు వెనకాల ఊరికే పడుంటాయి. కార్పెట్‌కి బొక్క పడకుండా ఆయన రెండు తెచ్చి దాని మీద వేశారు. బరువుకి అవి దిగి గట్టిగా కూర్చున్నాయి. వాటి మీద స్పీకర్లు పెడితే ఊగడం ఆగింది. కానీ దరువంతా కింది ఇంటికి దిగుతోంది. "మా గిన్నెలు మీ పాటకి గంతులేస్తున్నాయి వదినా" అని కిందావిడ వచ్చి చెప్పింది. రాయికీ స్పీకర్‌కీ మధ్య రబ్బరుంటే చాలని అమ్మాయి చెప్పింది.

ఆ చెప్పుల్ని నేనే కోశాను. కూరగాయల కత్తితో, ఒక్కో చెప్పూ నాలుగు ముక్కలు. ఒక్కో స్పీకర్ కింద నాలుగు మూలలా పెట్టాం. ఆయన భుజమానించి తోసినా కదల్లేదు. కింద గిన్నెలూ ఊరుకున్నాయి.

"పైసా ఖర్చు లేదు" అని ఆయన మీసం దువ్వుకున్నారు.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. పొద్దు వాలకుండానే చీకటి పడింది. కరెంటు పోయింది. కొవ్వొత్తులు తెస్తానని ఆయన మెట్లు దిగారు. నేను వంటింట్లో పాలసీసా కడుగుతున్నా. వాడు ముందుగదిలో కార్పెట్ మీద ఆడుకుంటున్నాడు.

వాడు నవ్వాడు.

ఒక్కడే ఆడుకునేటప్పటి నవ్వు కాదు. ఎవరైనా ముఖం దాచుకుని బూచీ అంటే నవ్వుతాడే, ఆ నవ్వు.

గుమ్మంలోకొచ్చి నిలబడ్డాను. కిటికీ వెలుతురు బూడిదరంగులో ఉంది. గదిలో ఏదో వాసన... ఏళ్ళ తరబడి తలుపులు తియ్యని చోట వచ్చే వాసన. దాంట్లో తడిసిన రబ్బరు వాసన. వాడు ఎడంవైపు స్పీకర్ పట్టుకుని నిలబడ్డాడు. నా వైపు చూడటం లేదు. స్పీకర్ వెనక్కి చూస్తున్నాడు. ఒక చెయ్యి వదిలి పైకి చాచాడు... ఎత్తుకోమన్నట్టు.

అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"నాన్నా... ఇటు రా..." అన్నాను.

సర్... సర్... మందపాటి కార్పెట్ మీద అడుగుల చప్పుడు రాదు. కానీ పీచు నలుగుతుంది. ఆ నలిగే శబ్దం స్పీకర్ వెనక నుంచి వచ్చింది.

స్పీకర్ కదిలింది.

మెల్లగా... వాడి మీదికి వంగింది.

ఎలా పరిగెత్తానో తెలీదు. వాణ్ణి లాక్కుని గోడకి కరుచుకున్నా. పడలేదది. అంత బరువూ అలాగే వంగి ఆగింది. వెనక రెండు మూలలూ రాయి మీంచి లేచి ఉన్నాయి. ఎవరో ఎత్తిపట్టుకుని, కింద ఏదో వెతుక్కుంటున్నట్టు...

తర్వాత చప్పుడు లేకుండా దిగి కూర్చుంది.

కొవ్వొత్తితో ఆయనొచ్చారు. నా మాట విని స్పీకర్‌ని తోసి చూశారు. కొండలా ఉంది.

"చీకట్లో నీ నీడకి నువ్వే జడుసుకుని ఉంటావ్. అమ్మాయికి చెప్పకు. చెప్పావో, రేపట్నుంచి వీడు రాడు."

చెప్పలేదు. రాత్రి అమ్మాయి వాణ్ణి తీసుకెళ్ళేటప్పుడు నోటిదాకా వచ్చింది, మింగేశాను.

తెల్లారి అమ్మాయి వాణ్ణి దింపి వెళ్ళిపోయింది. ఆయన పనికి బయలుదేరబోతుంటే బతిమాలి ఆ స్పీకర్లు పక్కకి తీయించాను. ఎడమదాని వెనక, గోడకీ రాయికీ మధ్య జానెడు జాగా. అందులో రెండు పాదాల అచ్చులున్నాయి. ఉత్త పాదాలు. వేళ్ళు స్పీకర్ వైపు. రాత్రంతా గడిచినా అక్కడి కార్పెట్ పైకి లేవలేదు.

రాయి మీద ముక్కలు మూడే ఉన్నాయి. బొటనవేలి గుంట ఉన్న ముక్క లేదు.

"ఎక్కడో అంటుకుని ఉంటుందిలే" అని ఆయన వెళ్ళిపోయారు. వెళుతూ నా ముఖంలోకి మాత్రం చూడలేదు.

పాపం, ఆ చెప్పులు ఎవరివో, వాళ్ళు వాటి కోసమే వచ్చారనుకున్నా. ముక్కలన్నీ ఏరి గుమ్మం బయట పెట్టాను. తెగిన చోట తెగినచోటికి ఆనించి జత చేశాను. ఒకదానికి ముందు ముక్క లేదు. వేళ్ళ వైపు మెట్లకి ఉండేలా తిప్పాను. "తెలీక కోశాను బాబూ... తీసుకుని వెళ్ళిపో" అని చెప్పి తలుపేశాను.

పాలు పొంగేంత సేపు ఆగి తలుపు తీశాను.

అక్కడే ఉన్నాయి. లేని ముక్క కూడా దాని చోట అది ఉంది. జత నిండింది. కానీ ఇప్పుడు వేళ్ళు మా గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి. ఆయన చెప్పులు విడిచే చోట, నా చెప్పుల పక్కన, వరసగా, పొందిగ్గా... ఎవరైనా లోపలికొస్తూ విడిచినట్టు.

వెనక, ముందుగదిలో బుడంకాయ నవ్వాడు.

వెళ్ళాను. కార్పెట్ వైపు చూడకుండా వాణ్ణి చంకనేసుకున్నా. బయటికొచ్చి నా చెప్పుల కోసం వంగబోయి ఆగిపోయాను. ముట్టుకోబుద్ధి కాలేదు. ఉత్త కాళ్ళతోనే మెట్లు దిగాను. వాడు నా భుజం మీంచి వెనక్కి చూస్తూ, ఒక చెయ్యి చాచే ఉన్నాడు.