కడిగిన తుపాకీ

ఆర్వో కెట్టులా శవం బుధవారం ఉదయం ఎనిమిదింటికి దొరికింది.

అడవిలోని వేట విడిదిలో, ఆవిరిస్నానం చేసే సౌనా ముందు గదిలో ఉన్నాడు. బట్టలు మార్చుకునే బల్ల మీద గోడకి జేరగిలబడి కూర్చున్నట్టే ఉన్నాడు. ఛాతీలో ఒకటే తూటా దెబ్బ. మోకాళ్ల మధ్య రైఫిల్. ఫిన్లాండ్ సైన్యం ఎప్పుడో వాడి వదిలించుకున్న పాత బోల్ట్ రైఫిల్. డెబ్భై డాలర్లకి కొన్నాడు. ఏడు వేలిచ్చినా అమ్మేవాడు కాదు.

మొదట చూసింది కొడుకు రేనో. ఇరవై నాలుగేళ్లవాడు. బయట మంచులో కూలబడి ఉన్నాడు. ఏడవడం లేదు. అదే హెల్మి నికులాకి నచ్చలేదు.

హెల్మి కౌంటీ డిటెక్టివ్. ఫిన్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్ల ఊళ్లున్న ఈ మిషిగన్ అడవుల్లోనే పుట్టిన మనిషి. ఆ కుర్రాణ్ణి చిన్నప్పుడు చంకనేసుకుని తిరిగింది.

"సూసైడ్," అన్నాడు ఆమె పై అధికారి షెరీఫ్, చేతులు రుద్దుకుంటూ. "ఛాంబర్‌లో పేలిన తూటా ఖాళీ తొడుగు ఉంది. పెనుగులాట ఏమీ లేదు. ఆర్వో నాన్న కూడా ఇలాగే పోయాడు కదా? అదీ నవంబరే. డాక్టరు రేపు సాయంత్రం ఆత్మహత్యేనని సంతకం పెట్టేస్తాడు."

"ఎప్పుడు పోయాడన్నారు సార్?"

"ఆదివారం సాయంత్రం. ఊపిరితిత్తిలోంచి దూసుకుపోయింది. వెంటనే పోలేదట పాపం. పావుగంట కొట్టుకుని ఉంటాడట."

హెల్మి వంగి చూసింది. ఆర్వో గోళ్ల కింద సన్నటి చెక్క పేళ్లు. దేవదారు పేళ్లు. కూర్చున్న బల్ల నున్నగా ఉంది. నేల మాత్రం గరుకు చెక్కలు.

బయట ట్రక్కు ఆగింది. ఉర్హో లాంపినెన్ దిగాడు. ఆర్వోకి నలభై ఏళ్ల స్నేహితుడు. ఊళ్లో పాత మిలిటరీ తుపాకుల కొట్టు ఆయనదే. సగం ఊరికి తుపాకీ పట్టడం నేర్పిన చెయ్యి అది. హెల్మికి కూడా.

ఉర్హో తిన్నగా లోపలికి వచ్చాడు. ఆర్వో కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ముసలి భుజాలు ఊగిపోయేలా ఏడ్చాడు.

"ఆదివారం మీరిద్దరేనా బాబాయ్?" అడిగింది హెల్మి.

"ఇద్దరమేనమ్మా. క్వారీలో కాసేపు కాల్చాం. ఇక్కడికొచ్చి సౌనా చేశాం. అయిదింటికి నేను బయల్దేరా. వాడు నవ్వుతూనే ఉన్నాడే అమ్మాయ్. నా కళ్లు కాలిపోనూ, ఏమీ కనిపెట్టలేకపోయా."

"రైఫిల్ కడిగాకే వెళ్లారా?"

"అదేం ప్రశ్న? నేనుండగా తుపాకీ కడక్కుండా ఎవడినైనా ముద్ద ముట్టనిస్తానా?"

బయటికెళ్లి రేనోని గుండెలకి హత్తుకున్నాడు. కుర్రాడు కొయ్యబారి నిలబడ్డాడు.

---

ఆర్వో భార్య సిల్వి వంటింట్లో ఉంది. పిండి డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. అందులో పిండి లేదు. తూటాని గొట్టంలో బిగించి పేల్చే ఇనుప బోల్టులు. ఇంట్లో ఉన్న ప్రతి తుపాకీ బోల్టూ పీకి అందులో పడేసింది. బోల్ట్ లేని రైఫిల్ చేతికర్రతో సమానం.

"రేనో చేతికి అందకుండానా పిన్నీ?" హెల్మి గొంతు తగ్గించింది.

"పొద్దున వాడేమన్నాడో తెలుసా? 'తాత పోయాడు, నాన్న పోయాడు, ఇది మన రక్తంలోనే ఉందేమోనే అమ్మా' అన్నాడు. నవ్వుతూ అన్నాడే హెల్మీ. నా పేగులు తెగిపోయాయి." సిల్వి డబ్బా మూత గట్టిగా నొక్కింది. "ఆయన చేసుకుంటే చేసుకున్నాడని చెప్పు. కాకపోతే కాదని చెప్పు. తేలకుండా ఆ డాక్టరు సంతకం పెట్టాడా, నేను పిల్లాణ్ణి కూడా పోగొట్టుకుంటా."

"ఆదివారం వెళ్లేటప్పుడు ఏమైనా అన్నాడా?"

"మంగళవారం వస్తానన్నాడు. 'ఉర్హోతో ఒక మాట తేల్చుకోవాలి' అన్నాడు. ఏ మాటని అడిగితే, తేలాక చెప్తానన్నాడు."

పక్కగదిలో రేనో మంచం కిర్రుమంది. సిల్వి ఉలిక్కిపడి లేచి, వెళ్లి తొంగి చూసి వచ్చింది. హెల్మి అక్కడున్నంతసేపూ అలా మూడుసార్లు వెళ్లింది.

---

మధ్యాహ్నం రెండున్నర. ఆఫీసులో హెల్మి ఒక్కతే ఉంది.

సాక్ష్యాల సంచిలోంచి రైఫిల్ తీసింది. బోల్ట్ బయటికి లాగింది. బోల్ట్ మీద పచ్చటి పల్చని కొవ్వు పూత ఉంది. వాసన చూసింది. గొర్రె కొవ్వు, తేనెమైనం. తర్వాత టార్చి వెలుగు పడేలా పెట్టి గొట్టంలోకి చూసింది.

చాలాసేపు చూసింది. రైఫిల్ బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆపైన షెరీఫ్‌కి ఫోన్ చేసింది. "సార్, రేపు సాయంత్రం సంతకం ఆపించండి."

---

డెన్నిస్ ట్రెవారో ఎడమ కంటికి నల్లపట్టీ ఉంది. అక్టోబరులో ఆ కన్ను పోయింది. పాత రైఫిల్ కాలుస్తుంటే బోల్ట్ దగ్గర పేలి ముఖం మీదికొచ్చింది. ఆ రోజు తూటాలిచ్చింది ఆర్వో. "నా కన్ను తీశాడు, వాడి కన్ను నేను తీస్తా" అని డెన్నిస్ బార్లో పదిమంది ముందు అరిచాడు.

"అరిచాను. అరిస్తే చంపేసినట్టేనా?" డెన్నిస్ తన ఇంటి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "పోయినవారం వాడిక్కడికొచ్చాడు. ఆ పేలిన రైఫిల్ చూపించమన్నాడు. చూసి తెల్లమొహం వేశాడు. 'తప్పు తూటాది కాదురా, రెండ్రోజులాగు' అన్నాడు. పొమ్మన్నా."

"ఆదివారం సాయంత్రం ఎక్కడున్నావు?"

"ఇక్కడే. టీవీ ముందు. సాక్ష్యం నా కుక్క."

హెల్మి గోడనున్న తుపాకులు దించి ఒక్కోదాని గొట్టంలోకి చూసింది. అన్నీ ఎర్రటి తుప్పు.

"ఏంటిది డెన్నిస్? ఇవి తుపాకులా, పాత కుళాయి గొట్టాలా?"

"కాల్చడం నాకిష్టం. కడగడం నా వల్ల కాదు తల్లీ. ఉర్హో తిట్టి తిట్టి వదిలేశాడు. బలవంతాన తన కొవ్వు డబ్బా కూడా అంటగట్టాడు. అదుగో, మూత కూడా తియ్యలేదు."

పేలిన రైఫిల్ మూల ఉంది. దాని బోల్ట్ మీద నంబరు చూసింది హెల్మి. అందులోని ఏడు అంకెకి అడుగున చిన్న తునక లేదు.

అక్కణ్ణించి ఉర్హో కొట్టుకి వెళ్లింది. జిడ్డు గ్రీజు వాసన. పెట్టెల నిండా రైఫిళ్లు. రష్యావి, ఫిన్లాండ్‌వి. వేట సీజన్ రెండ్రోజుల్లో మొదలు. ఇద్దరు ముగ్గురు బేరాలాడుతున్నారు.

"చూడమ్మా, బోల్ట్ మీద నంబరూ గొట్టం మీద నంబరూ ఒకటే ఉన్న సరుకు," అన్నాడు ఉర్హో, ఎర్రబడ్డ కళ్లు తుడుచుకుంటూ.

హెల్మి చూసింది. వేరే వేరే దేశాల్లో, వేరే వేరే ఏళ్లలో తయారైన రైఫిళ్లు. కానీ బోల్టుల మీద ప్రతి ఏడుకీ అడుగున ఆ తునకే లేదు.

---

గురువారం మధ్యాహ్నం మూడింటికి అందర్నీ విడిదికి పిలిపించింది హెల్మి. సౌనా ముందు గదిలో చోటు చాలలేదు. షెరీఫ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. డెన్నిస్ ఒక మూల, ఉర్హో ఒక మూల. సిల్వి కొడుకు చెయ్యి వదలకుండా నిలబడింది. బయట మంచు ఆగకుండా కురుస్తోంది. వెలుగు అప్పుడే తగ్గిపోతోంది.

హెల్మి రైఫిల్ బల్ల మీద పెట్టింది.

"ఇందులోంచి వెళ్లిన తూటా పాత మిలిటరీ సరుకు. చవగ్గా వస్తుందని మనమంతా అదే కొంటాం. కాల్చాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది. అది తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. నూనె రాసినా ఆగదు. మరిగే నీళ్లు పోసి కడిగితేనే పోతుంది. అవునా డెన్నిస్?"

"నా గోడ చూశావుగా."

"ఇక్కడ సౌనా తేమ. ఆదివారం సాయంత్రం పేలింది, బుధవారం పొద్దున దొరికింది. ఇప్పుడు లోపలెలా ఉండాలి?"

"నాశనమై ఉంటుంది."

"చూడు."

డెన్నిస్ బాగున్న కన్ను గొట్టానికి ఆనించాడు. నోరు తెరుచుకుని ఉండిపోయాడు. "అద్దంలా ఉందే!"

"అవును. కడిగారు, తుడిచారు, నూనె పట్టించారు. ఆపైన ఖాళీ తొడుగుని తిరిగి ఛాంబర్‌లో పెట్టారు. అదంతా చివరి తూటా పేలిన తర్వాతే జరగాలి. చచ్చినవాడు లేచి తుపాకీ కడుక్కోడు."

సిల్వి గోడ పట్టుకుంది. షెరీఫ్ గొంతు సవరించుకున్నాడు. నిన్న ఆయన కూడా అదే బోల్ట్ తీసి చూశాడు. గొట్టంలోకి చూడాలని తోచలేదు.

"ఎవరు కడిగారు?" అన్నాడు.

"డెన్నిస్ తన తుపాకులే కడగడు. రేనో ఆ సాయంత్రమంతా రంపపు మిల్లులో డ్యూటీలో ఉన్నాడు. బోల్ట్‌కి కొవ్వూ మైనం కలిపిన పూత ఉంది. అది ఎవరి తయారీయో అందరికీ తెలుసు."

"ఆ డబ్బా ఊరంతా ఉందమ్మాయ్," అన్నాడు ఉర్హో, నెమ్మదిగా.

"ఉంది బాబాయ్. అందుకే ఇంకోటి అడుగుతా. మా నాన్నని పాతిపెట్టిన రోజున కూడా 'ఆయన తుపాకీ కడిగారా' అని అడిగిన మనిషి మీరు. నిన్న ఇక్కడికొచ్చారు. పేలిన రైఫిల్ మూణ్ణాళ్లుగా పడి ఉంది. దాని గతేంటని ఒక్క మాట అడగలేదు. దానికేసి చూడను కూడా లేదు. చూడక్కర్లేదు కదా. అది బాగానే ఉందని మీకు తెలుసు."

ఉర్హో చూపు బల్ల మీది రైఫిల్ మీదికి పోయింది.

"బోల్టులు తారుమారైన సరుకు కారుచవగ్గా కొన్నారు. పాత నంబర్లు అరగదీశారు. గొట్టం నంబరుకి సరిపోయేలా, విరిగిన ఏడు అచ్చుతో కొత్తవి కొట్టారు. ఏ బోల్ట్ ఏ గొట్టానికి కుదురుతుందో చూసుకోలేదు. అలా కుదరని బోల్టే పేలి డెన్నిస్ కన్ను పోయింది. ఆర్వో అది పట్టుకున్నాడు. అమ్మినవన్నీ సీజన్‌కి ముందే వెనక్కి తెప్పించమన్నాడు. లేకపోతే తనే అందరికీ చెప్తానన్నాడు. అదేగా తేల్చుకోవాలన్న మాట?"

డెన్నిస్ చెయ్యి కంటిపట్టీ మీదికి పోయింది. "ఉర్హో... ఆస్పత్రిలో నా మంచం పక్కనే కూర్చున్నావు కదయ్యా. ఆర్వో తూటాలే చెడ్డవని నాకు చెప్పింది నువ్వే కదయ్యా!"

"నలభై ఏళ్లు," అన్నాడు ఉర్హో, ఎవర్నీ చూడకుండా. "నలభై ఏళ్లుగా నా మాట ఈ ఊళ్లో చెల్లింది. వాడు ఒక్క రోజులో తీసేస్తానన్నాడు. రైఫిల్ అందుబాటులో ఉంది. ఏం చేశానో చేశాను."

"మరి కడగడమెందుకు?" షెరీఫ్ అడిగాడు. "వదిలేసి పోతే నీ జోలికొచ్చేవాళ్లమే కాదు."

ముసలాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వదిలెయ్యడమా? తుపాకీ ఏం పాపం చేసింది?"

పదేళ్ల వయసులో హెల్మి భుజానికి రైఫిల్ ఆనించి, ఊపిరి బిగపట్టమని చెప్పిన గొంతు ఇదే.

"మీరు కడుగుతున్నంతసేపూ ఆర్వో బతికే ఉన్నాడు," అంది. "గోళ్ల నిండా ఈ నేల పేళ్లున్నాయి. తలుపు దగ్గర చెక్కల సందుల్లో రక్తం దొరికింది. పాకాడు. మీరు తుపాకీ పని ముగించుకుని, ఆయన పోయాక ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టారు."

"నీళ్లడిగాడు," అన్నాడు ఉర్హో. అది తనకి ఇప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు.

"పొయ్యి పక్కన కాగు నిండా ఉన్నాయి కదా బాబాయ్! అన్నీ గొట్టంలోనే పోశారా? నలభై ఏళ్ల స్నేహితుడి గొంతులో ఒక్క చుక్క పోయలేకపోయారా?"

ఉర్హో అరచేతులు తిప్పి చూసుకున్నాడు. షెరీఫ్ ముందుకొచ్చి బేడీలు వేశాడు.

అప్పటిదాకా నోరు మెదపని రేనో అన్నాడు. "అక్కా. ఎటు పాకాడు?"

"తలుపు వైపు."

"బయటికి పోదామనా?"

"రోడ్డు మీదికి. ఇంటికి. ఊపిరి అందని మనిషి అంత దూరం పాకాడు రేనో. మీ నాన్న చావాలనుకోలేదు. బతకాలని చివరిదాకా కొట్టుకున్నాడు."

కుర్రాడి మొహం కందిపోయింది. ఒక్కసారిగా తల్లి చెయ్యి విడిపించుకుని ఉర్హో మీదికి ఉరికాడు. షెరీఫ్, డెన్నిస్ కలిసి ఒడిసి పట్టుకున్నారు. వాళ్ల చేతుల్లో గింజుకుంటూ, ఏడుస్తూ, ఫిన్నిష్‌లో ఎంత పచ్చి తిట్లున్నాయో అన్నీ తిట్టాడు. నిన్నటి నుంచి వాడి కళ్లలో లేని ప్రాణం ఇప్పుడు గొంతులోంచి తన్నుకొచ్చింది.

సిల్వి చర్చిలో, ఆదివారం బడిలో పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి. ఆ తిట్లలో పదోవంతు మాటకి చిన్నప్పుడు వాడి నోట్లో సబ్బు పెట్టి కడిగింది.

ఇప్పుడు వెళ్లి కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె చెంపల మీద కన్నీళ్లు ధారగా కారుతున్నాయి.

"తిట్టరా నాన్నా," అంది. "ఇంకా తిట్టు."