గురువారం నాటి స్వరం

"ఇందులో ఉన్నది నేను కాదు," అంటూ అతను కౌంటర్ మీద ఒక సీడీ పెట్టాడు.

అది కళ్లజోళ్ల షాపు. ఆమె ఒక పెద్దాయన కళ్లజోడుకి స్క్రూ బిగిస్తోంది. తల ఎత్తకుండానే ఆ గొంతు ఎవరిదో పోల్చుకుంది. ఊదే వాద్యాల బృందంలో హార్న్ అనే ఇత్తడి బూర వాయించే పళ్ల డాక్టర్.

"కవర్ మీద మీ పేరే వేశానుగా?"

"పేరు నాదే. రెండో భాగంలో, నెమ్మదిగా సాగే చోట, నా స్వరం పగిలింది. హాలంతా విన్నది. ఇందులో పగల్లేదు. ఏం చేశారు?"

"గురువారం రిహార్సల్‌లో మీరు ఊదిన ముక్క తెచ్చి అక్కడ అతికించాను. అదే హాలు, అవే మైకులు. ఊదింది మీరే కదా, పక్కింటాయన కాదుగా!"

"కచేరీ ఆదివారం. గురువారం వాణ్ణి ఎవరు పిలిచారు?"

పెద్దాయన కళ్లజోడు లేకపోయినా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

ఆ బృందంలో ఎనిమిది మంది. క్లారినెట్ ఆయన రిటైరైన బ్యాంకు మేనేజర్, మిగతావాళ్లకీ తలా ఒక ఉద్యోగం. సరదా కొద్దీ నేర్చుకున్నారు, సరదా కొద్దీ వాయిస్తారు. ఆమె కూడా అంతే. షాపు పని అయ్యాక రెండు మైకులు, ఒక పొడవాటి స్టాండు, లాప్‌టాప్ మోసుకెళ్లి రికార్డు చేస్తుంది. అందరూ మైకమ్మాయి అంటారు. ఈ డాక్టర్ మాత్రం ఇన్నాళ్లలో ఆమెతో అన్నది ఒకటే మాట: "ఆ స్టాండు కాస్త జరుపుతారా?"

ఇవాళ నోరు విప్పాడు, అదీ పోట్లాటకి.

"మంచి చేస్తే మీదికొస్తారేంటండీ?" అంది ఆమె.

"హార్న్ నాకు నేర్పింది మా మేనత్త. మోకాళ్ల నొప్పులు, కచేరీకి రాలేకపోయింది. సీడీ పంపించాను. విని ఫోన్‌లో ఏడ్చేసింది. చిన్నప్పట్నుంచీ ఆ చోట తడబడేవాడివి, ఇన్నాళ్లకి గట్టెక్కావురా అంది. నామీద ప్రేమకొద్దీ అంటోంది అనుకుని థాంక్స్ చెప్పాను. తర్వాత సీడీ విన్నాను."

ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

"ఉన్న మాట చెప్పేయకపోయారా?"

"చెప్పాను. నమ్మట్లేదు. వినయం అంటోంది! నాకు రాని మెచ్చుకోలు నా నెత్తిన పెట్టింది మీరు. దించాల్సిందీ మీరే."

శనివారం సాయంత్రం ఆమె లాప్‌టాప్ పట్టుకుని డాక్టర్‌తో కలిసి అతని మేనత్త ఇంటికి వెళ్లింది. మూడో అంతస్తు. దారిలో ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ. మెట్ల దగ్గర అతను బ్యాగు తీసుకోబోతే ఆమె ఇవ్వలేదు.

మేనత్త కిటికీ పక్కన కుర్చీలో కాళ్లు బారజాపుకుని కూర్చుంది. జరిగినదంతా మైకమ్మాయి దాచకుండా చెప్పింది. అత్త కోపగించుకోలేదు.

"కత్తిరించి అతికించావా! నా చెవికి కూడా తెలియలేదే. సరే, అసలుది వినిపించు."

ఆమె ఆదివారం రికార్డింగ్ పెట్టింది. అత్త కళ్లు మూసుకుంది. ఆ చోటు వచ్చింది. హార్న్ స్వరం ఎండిన కొమ్మలా ఫట్‌మంది. డాక్టర్ గోడకేసి చూశాడు. పాట ఆగలేదు. తర్వాతి వరస మెల్లగా, నిండుగా, ఏమీ జరగనట్టే లేచింది.

అత్త కళ్లు తెరిచి నవ్వింది.

"ఇదిరా నువ్వు! చిన్నప్పుడైతే ఇక్కడ హార్న్ విసిరేసి మంచం కింద దూరేవాడివి. ఇవాళ తప్పు పక్కనే నిలబడి తర్వాతి స్వరం ఎంత బాగా పట్టావు! మెచ్చుకోవాలంటే దీన్నే మెచ్చుకోవాలి. వెళ్లు, టీ పెట్టుకురా."

అతను వంటింట్లోకి వెళ్లాడు. వీపు మీంచి ఏదో బరువు దిగినట్టే ఉంది నడక.

"ఒక మాటమ్మాయ్," అంది అత్త. "నువ్వు చేసిన సీడీలో క్లారినెట్ మొదట్లో ఒకసారి కీచుమంది, చివర్లో ఇంకోసారి. వాటినెందుకు వదిలేశావు?"

ఆమె లాప్‌టాప్ మూయబోతూ ఆగిపోయింది.

"అంటే... టైం దొరకలేదండీ."

"గురువారం కూడా కీచుమన్నాడా?"

అబద్ధం ఆడితే సరిపోయేది. కానీ ఆ ఇంట్లో అబద్ధం దించడానికే వచ్చింది.

"లేదండీ. గురువారం చక్కగానే ఊదారు."

"అలాగా!" అంది అత్త, ఆమె వైపు చూడకుండా, వంటింటి గుమ్మం వైపు చూస్తూ. అక్కడ డాక్టర్ టీ కప్పులతో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఆమె అడగలేదు.

బస్టాప్ చేరేసరికి వాన మొదలైంది. రేకు కింద ఇద్దరే.

"క్లారినెట్ ఆయన చాలా మంచివాడు," అన్నాడతను.

"మంచివారే."

"పాపం, ఆయన తప్పులు మాత్రం అలా వదిలేయడం..."

"ఆయనకి ముగ్గురు మనవలు."

"అయితే?"

"అయితే ఏంటండీ, అయితే!" ఆమె వాన వైపు తిరిగింది. "ఆయన తప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. మీరు తప్పినప్పుడు మీ మొహం చూశాను. ఇంటికెళ్లినా అదే కళ్లముందు. అందుకే అతికించాను. అడక్కుండా చేయడం తప్పే. ఇంకెప్పుడూ చేయను."

ఒక ఆటో నీళ్లు చిమ్ముకుంటూ పోయింది.

"కవర్ మీద మీ ఫోన్ నంబరుంది," అన్నాడు. "ఫోన్‌లోనే తిట్టొచ్చు. ఆ రోజు నేను ఇద్దరు పేషంట్లని మర్నాడు రమ్మని చెప్పి, క్లినిక్ మూసి వచ్చాను."

"తిట్టడానికా?"

"అలాగే అనుకున్నాను. మీ షాపు మలుపు దగ్గర ఆగి జుట్టు సర్దుకున్నాను. తిట్టడానికి వెళ్లేవాడు జుట్టు సర్దుకోడు కదా!"

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది. కుదరలేదు. బస్సు వచ్చింది, ఆగింది, వీళ్లని కాసేపు చూసి వెళ్లిపోయింది.

అతని ఫోన్ మోగింది. విని పెట్టేశాడు.

"అత్త. కిటికీలోంచి మనం కనిపిస్తున్నామట. బస్సు పోయింది కదా, పైకొచ్చి మాట్లాడుకోండి, నేను లోపల తలుపేసుకుంటాను, వినను అంటోంది."

"నిజంగా వినరా?"

"ఆవిడా? రెండు గోడల అవతల స్వరం తప్పినా పట్టేస్తుంది."

"అయితే ఇక్కడే చెప్పండి."

చెప్పాడు. రేకు మీద వాన చప్పుడుకి గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. "మీరు" అని మొదలుపెట్టి, మధ్యలో తడబడి, "నువ్వు" అని ముగించాడు.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తడిసిన చున్నీ అంచు పిండుకుంటూ, అతని వైపు చూడకుండానే అంది.

"మళ్లీ చెప్పు. ఈసారి 'నువ్వు' తోనే మొదలుపెట్టు."