వరండా బల్బు

కివీల దేశానికి దక్షిణపు కొసన, ఇన్వర్‌కార్గిల్‌లో మా వీధి చివరి ఇల్లు మంచిది కాదు. ఈ మాట నాది కాదు. మూలమీద డెయిరీ కొట్లో పాలూ రొట్టే అమ్మే కివీ తాత దగ్గర్నుంచి, పాలిటెక్నిక్‌లో చదివే మన పిల్లల దాకా అప్పట్లో అందరిదీ అదే మాట. ఆ ఇంట్లో మనుషుల్లేరు. కరెంటు ఎప్పుడో తీసేశారు. అయినా పొద్దుగూకితే వరండాలో బల్బు వెలిగేది... లోపల ఎవరో ఆడమనిషి కూనిరాగం తీసేది.

నేను దెయ్యాల్ని నమ్మే రకం కాదు. అలాగని ఆ గుమ్మం ముందు నుంచి నడిచే రకమూ కాదు. ధైర్యం వేరు, తెలివి వేరు.

ఆ ఇంట్లో జరిగింది నిరుపమ చెప్పగా విన్నాను. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

నిరుపమది కాకినాడ. చదువుకునే రోజుల్లో మా ఇంట్లోనే ఒక గదిలో అద్దెకుండేది. నన్ను అక్కా అనీ, మా ఆయన మహేంద్రని బావగారూ అనీ పిలిచేది. సాయంత్రాలు ఆ చివరింటి ముసలావిడకి వండిపెట్టే పనికి వెళ్లేది.

ఆవిడేం ఆషామాషీ మనిషి కాదు. ఐరిస్ మాల్డన్ — ఒకప్పటి హాలీవుడ్ తార, గాయని. పుట్టింది ఈ ఊరి పాడిరైతు ఇంట్లో, ఎల్సీ అన్న పేరుతో. ఆవుల పాలు పితుకుతూ పాడుకునే పిల్లని యుద్ధానికి ముందు ఎవరో విని ఓడెక్కించారట. అక్కడ పేరు మార్చారు. పళ్లు మార్చారు. నుదురు వెడల్పుగా కనబడాలని ముందు జుట్టు పీకేశారు. “నాదంటూ మిగిలింది గొంతొక్కటే” అనేదట ఆవిడ, నవ్వుతూ.

చాలా సినిమాల్లో ఒకటే వేషం. క్లబ్బులో పాట పాడి, హీరోని ఇంకో అమ్మాయికి వదిలేసి వెళ్లిపోవడం. ఒక్క సినిమాలో మాత్రం హీరోయిన్. ఆ ఒక్కదానితో ఊళ్లకు ఊళ్లు ఆవిడ పాట పాడుకున్నాయట.

ఆ రోజుల్లో సాయంత్రమయ్యేసరికి స్టూడియో కారు ఇంటికొచ్చేది. ఒకరోజు రాలేదు. ఆవిడ మేకప్ వేసుకుని, వరండాలో బల్బు వేసుకుని, తెల్లారేదాకా కూర్చుంది. మర్నాడూ రాలేదు... ఇంకెప్పుడూ రాలేదు.

“నీ పని అయిపోయిందని ఒక్క మాట చెప్పుంటే లేచి ఇంటికొచ్చేసేదాన్ని,” అందట నిరుపమతో. “ఎవరూ చెప్పలేదమ్మాయ్.”

చివరికి తనే ఓడెక్కి తిరిగొచ్చింది, కానీ ఆ అలవాటు పోలేదు. పొద్దుగూకగానే పెదాలకి రంగు పూసుకునేది, బల్బు వేయించుకునేది, కిటికీ దగ్గర కూర్చునేది.

పనయ్యాక నిరుపమ గుమ్మంలో నిలబడి “వెళ్లొస్తాను” అనేది. మన నోటికి ఇంకో మాట రాదు కదా! ఉత్త ‘వెళ్తాను’ అంటే పెద్దవాళ్లు నెత్తిన మొట్టేవాళ్లు. అదేం మాటని ఐరిస్ అడిగింది.

“వెళ్లి మళ్లీ వస్తానని. మాలో ఊరికే వెళ్తాననకూడదు, అశుభం.”

ముసలావిడకి ఆ మాట ఎంత నచ్చిందో! పట్టుబట్టి నేర్చుకుంది. రోజూ నిరుపమకంటే ముందు తనే అనేది — “వే... లో... స్తా.”

తరవాత నిరుపమకి ఉత్తరాన ఎక్కడో దూరంగా ఆల్బనీలో ఉద్యోగమొచ్చింది. ఆఖరి సాయంత్రం సూప్ తాగించింది, దుప్పటి సర్దింది. ఇంక రానని చెప్పాలి చెప్పాలి అనుకుంటూనే గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ ఏడుస్తుందేమోనని భయం. తనే ఏడ్చేస్తుందేమోనని ఇంకా భయం.

“వెళ్లొస్తాను,” అనేసి వచ్చేసింది.

ఆ చలికాలం గడవకుండానే ఐరిస్ పోయింది. కిటికీ దగ్గర కుర్చీలోనే... పెదాలకి రంగుతో.

బల్బు వెలగడం ఆ తరవాత మొదలైంది.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా నిరుపమ చెవిన పడింది. అప్పటికి లోకేశ్‌తో పెళ్లయింది, కడుపుతో ఉంది. నిద్ర మానేసింది. ఉన్నట్టుండి ఒకరోజు మా గుమ్మంలో దిగింది.

“అది నా కోసమే అక్కా. ఆ కారు వాళ్లు చేసిందే నేనూ చేశాను. ఇది తేల్చుకోకుండా రేపు నా బిడ్డ మొహం ఎలా చూడను?”

“వట్టిమనిషివి కావు. దీపాలవేళ ఆ గుమ్మం తొక్కుతావా? బుద్ధుందా?” అని అరిచాను. వింటేగా!

జూన్ నెల, ఇక్కడ నడి చలికాలం. అయిదింటికే చీకటి. ఎముకలు కొరికే గాలి. మా ఆయన కారులో తీసుకెళ్లాడు. పెద్ద వీరుడు లెండి — ఇంజను ఆపలేదు, దిగలేదు.

నిరుపమ గేటు తీసేసరికి ఇల్లంతా చీకటి. ఒక అడుగు... రెండో అడుగు...

బల్బు వెలిగింది.

లోపల కూనిరాగం. కిటికీ అవతల ఖాళీ కుర్చీ. మొహానికి రాసుకునే పౌడరు వాసన — ఐరిస్ పౌడరే.

“ఐరిస్... నేను. నిరుపమని.”

పాట ఆగిపోయింది.

“ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను... నేనింక రాను. కారు కూడా రాదు. మీ పని అయిపోయింది. ఎదురుచూడకండి... వెళ్లండి.”



తరవాత చెక్కనేల కిర్రుమంది. లోపలి నుంచి... గుమ్మం దాకా... ఇంకా దగ్గరికి. చల్లటి చెయ్యి ఒకటి మెల్లగా ఆమె కడుపు మీద ఆనింది.

బల్బు ఆరిపోయింది. ఆ చీకట్లో, చెవి పక్కనే — “వే... లో... స్తా.”

నిరుపమ ఎలా పరిగెత్తి కారెక్కిందో ఆమెకే తెలియదు. మా ఆయన్ని అడిగితే బల్బు చూశానంటాడు, మాట మాత్రం వినలేదంటాడు.

ఆ తరవాత బల్బు మళ్లీ వెలగలేదు. ఇల్లు అమ్ముడుపోయింది. ఇప్పుడక్కడ పిల్లలు సైకిళ్లు తొక్కుకుంటున్నారు. పోన్లే, ముసలావిడకి విముక్తి దొరికిందని నేనూ సంతోషించాను. నిరుపమకి సుఖంగా ఆడపిల్ల పుట్టింది. పేరు అక్షయ.

మొన్న ఫోన్ చేసింది. పిల్లకి ఏడాదిన్నర. డేకేర్‌కి వెళ్తుంది, వచ్చిన నాలుగు మాటలూ ఇంగ్లీషే.

“సాయంత్రమైతే ఏడుపక్కా. ఎత్తుకున్నా ఆపదు, పాలిచ్చినా ఆపదు. బయట లైటు వేస్తే చాలు, ఆపేస్తుంది. కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తుంది.”

“రోజూనా?”

“రోజూ.” గొంతు తగ్గించింది. “పిల్లలకి లైట్లంటే ఇష్టమంటాడు లోకేశ్.”

“అంతేలే, అందరు పిల్లలూ అంతే,” అన్నాను. అంటూనే లేచి మా వరండా లైటు ఆర్పేశాను.

“సరే అక్కా, ఉంటాను. అక్షయా, పెద్దమ్మకి బై చెప్పమ్మా!”

ఫోన్లో చిన్న ఊపిరి వినిపించింది. బై అంటుందని నవ్వుతూ చెవి ఆనించాను.

“వే...” అంది పిల్ల, నెమ్మదిగా. “లో... స్తా.”